కాన్పు గదిలో టెస్టింగ్ టీమ్

కోడ్ రాసినవాడే టెస్ట్ చేసి "పాస్" అని చెప్పుకుంటే మన ఫీల్డులో ఎవరూ ఒప్పుకోరు. ఇదే రూలు న్యూయార్కులో 1950ల నాటి కాన్పు గదుల్లో కూడా ఉండేదని చదివి భలే ముచ్చటేసింది నాకు.

ఆ రూలు పెట్టినావిడ వర్జీనియా ఆప్‌గార్. ఆవిడ కాన్పులు చేసే డాక్టరూ కాదు, పిల్లల డాక్టరూ కాదు. మత్తు డాక్టరు! కొలంబియా యూనివర్సిటీ మెడికల్ కాలేజీలో 1949లో ఫుల్ ప్రొఫెసర్ అయిన మొదటి మహిళ.

అప్పట్లో కాన్పు గదిలో అందరి కళ్ళూ తల్లి మీదే. పుట్టిన మొదటి నిమిషంలో బిడ్డ ఎలా ఉందో చూడడానికి ఒక పద్ధతంటూ లేదు. "కాస్త డల్‌గా ఉంది" అని డాక్టరంటే నర్సుకి ఏమర్థమవుతుంది చెప్పండి?

1953లో ఆప్‌గార్ తన స్కోరు ప్రచురించారు. గుండె వేగం, ఊపిరి, కండరాల పట్టు, తాకితే స్పందన, ఒంటి రంగు. ఒక్కోదానికీ 0, 1 లేదా 2. మొత్తం పదికి. ఇంక నర్సు చెప్పినా ప్రొఫెసరు చెప్పినా 4 అంటే 4 అన్నమాట. నెలలు నిండి పుట్టిన పిల్లల్లో స్కోరు 0-2 వచ్చినవాళ్ళలో 14 శాతం చనిపోతే, 8-10 వచ్చినవాళ్ళలో 0.13 శాతమే.

ఇక మన రూలు సంగతి. కాన్పు చేసినవాళ్ళు స్కోరు వెయ్యకూడదు, పక్కనున్న వేరేవాళ్ళు వెయ్యాలి అన్నారావిడ. తన చేతుల మీదుగా పుట్టిన బిడ్డకి తక్కువ మార్కులెయ్యాలంటే ఎవరికి మనసొప్పుతుంది?

అసలు పరీక్ష ఆ తర్వాతే. పిల్లల డాక్టరు స్టాన్లీ జేమ్స్, మరో మత్తు డాక్టరు డంకన్ హాలడే ఆవిడతో కలిశారు. తల్లికిచ్చే సైక్లోప్రొపేన్ అనే మత్తు గ్యాస్ మాయ దాటి బిడ్డకి చేరుతోందని, అలా పుట్టిన పిల్లలు మందకొడిగా ఉంటున్నారని తేలింది. ఆ గ్యాస్ ఆవిడకి బాగా ఇష్టమైనదే. అయినా సరే, కాన్పుల్లో దాన్ని వదిలేశారు.

నా ఉద్దేశంలో టీమ్‌వర్క్ అంటే ఇదే. అందరూ నవ్వుతూ ఉండడం కాదు. అందరూ ఒప్పుకున్న ఒక కొలత ఉండాలి, అది మన తప్పే చూపించినా తలొంచాలి.

ఒక్క మాట. ఊపిరి తీసుకోని బిడ్డకి సాయం చెయ్యడానికి ఇప్పుడు ఈ స్కోరు కోసం ఆగరు, వెంటనే మొదలుపెడతారు. కానీ స్కోరు మాత్రం ఇంకా రాస్తూనే ఉన్నారు. మీ పిల్లల డిశ్చార్జి సమ్మరీ ఉంటే ఓసారి తీసి చూడండి, పదికి ఎన్నొచ్చాయో!