ఇరువది ఏండ్ల నిరీక్షణ: శ్రీహరికోట రాకెట్టు కథ

తిరుపతి, శ్రీకాళహస్తి, సూళ్లూరుపేట ప్రాంతముల వారికి ఆకాశమున తెల్లని చార గీచుచు పైకెగయు రాకెట్టు క్రొత్త దృశ్యము కాదు. పులికాటు సరస్సునకును సముద్రమునకును నడుమనున్న శ్రీహరికోట దీవి నుండి 1971 అక్టోబరు 9న ఒక చిన్న రాకెట్టు ఎగిరినది. నాటినుండి ఆ దీవి పేరు దేశమంతట వినబడుచున్నది. చిరకాలము నెల్లూరు జిల్లాలోనుండిన ఆ ప్రదేశము 2022 నుండి తిరుపతి జిల్లాలో చేరినది. ప్రయోగము జయప్రదమైననాడు రేడియోలో వార్త విని మనమందరము సంతోషించుచున్నాము. కాని ఆ కొద్ది నిమిషముల వెనుక ఎన్ని ఏండ్ల ఆలస్యము, ఎన్ని ఆశాభంగములు దాగియున్నవో వార్తలో ఇమడదు. అట్టి దీర్ఘమైన ఆలస్యమొకదాని చరిత్రను ఇచ్చట చెప్పదలచినాము.

టెలిఫోనులకు, టెలివిజనుకు ఉపకరించు ఉపగ్రహములు భూమికి సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉండవలెను. బరువైన ఉపగ్రహమును ఆ దారి పట్టించుటకు రాకెట్టు పైభాగమున మిక్కిలి శక్తిగల యంత్రము కావలెను. ద్రవరూపమున నున్న ఉదజని, అనగా హైడ్రోజన్, ద్రవ ఆమ్లజనితో కలసి మండుటవలన ఆ శక్తి లభించును. అయితే ఉదజని ద్రవముగా నిలువవలెనన్న సున్నకు దిగువ 253 డిగ్రీల చలి అవసరము. అంతటి చలిలో లోహములు ముడుచుకొనిపోవును, కీళ్లు బిగిసిపోవును. అదే యంత్రములో మరొక ప్రక్క వేల డిగ్రీల మంట! దీనినే క్రయోజెనిక్ యంత్రమందురు. 1990 ప్రాంతమున ఈ విద్య తెలిసిన దేశములను వ్రేళ్లపై లెక్కింపవచ్చును.

మన అంతరిక్ష పరిశోధన సంస్థ ఈ విద్యను కొని నేర్చుకొనదలచినది. 1991 జనవరిలో సోవియట్ సంస్థయైన గ్లావ్‌కాస్మాస్‌తో ఒడంబడిక కుదిరినది. తయారైన యంత్రములతోపాటు వాటిని తయారుచేయు విధానమును కూడ వారు మనకు నేర్పవలెను. ఆ సంవత్సరము ముగియకముందే సోవియట్ యూనియనే అంతరించినది. 1992 మేలో అమెరికా ప్రభుత్వము, ఈ విద్య క్షిపణులకు ఉపయోగపడగలదని ఆక్షేపించి, అమ్మువారిపైనను కొనువారిపైనను రెండేండ్ల ఆంక్షలు విధించినది. నింపుటకు ఎంతో సమయము పట్టి, నిలువ యుంచుటకు వీలుకాని ఇట్టి ఇంధనము ఆయుధములకు తగదని మనవారు వాదించినారు. ఫలము లేకపోయినది. 1993 జూలైలో రష్యా ఆ విద్యను ఇవ్వజాలమని తెలిపినది. మార్చిన ఒడంబడిక ప్రకారము మనకు దక్కినవి ఏడు తయారైన యంత్రభాగములు మాత్రమే.

సరకు ఇచ్చువాడు మాట తప్పినప్పుడు మూడు మార్గములు కనబడును: పని మానుకొనుట, వాడు మరల కరుణించువరకు కాచుకొనుట, సొంతముగా పూనుకొనుట. మనవారు మూడవ మార్గము పట్టినారు; అయితే చేతికందినదానిని వదలుకొనలేదు. రాయలసీమ రైతుకు ఈ పద్ధతి తెలియనిది కాదు. పొరుగువాని బావినుండి నీరు తెచ్చి పైరును బ్రతికించుకొనుచునే తన చేనిలో బావి త్రవ్వుకొనును. 1994లో సొంత క్రయోజెనిక్ యంత్ర నిర్మాణమునకు అనుమతి లభించినది. తమిళనాడులోని మహేంద్రగిరి పరీక్షలకు స్థానమైనది. హైదరాబాదులోని ఎం.టి.ఏ.ఆర్., బొంబాయిలోని గోద్రెజ్ వంటి కర్మాగారములు యంత్రభాగముల తయారీలో పాలుపంచుకొన్నవి. ఈలోగా రష్యా యంత్రములతో రాకెట్టును ఎగురవేయగలిగినందున, దాని క్రింది భాగములు, ప్రయోగ వేదిక, లెక్కలు, మనుష్యులు అన్నియు పరీక్షకు నిలిచినవి. దేశమునకు వెంటనే కావలసిన బరువైన ఉపగ్రహములను దక్షిణ అమెరికాలోని కూరూ నుండి యూరపు రాకెట్లు మోసికొనిపోయినవి. ఒక భాగము ఆగిపోయినను తక్కిన పనులు ఆగలేదు.

2001 మార్చి 28న తొలి ప్రయోగమునకు అంతయు సిద్ధమైనది. ప్రక్కలనుండు నాలుగు యంత్రములలో ఒకటి తగిన బలము చూపకపోగా, రాకెట్టు నేలను వదలుటకు ఒక్క క్షణము ముందు గణకయంత్రమే ప్రయోగమును నిలిపివేసినది. లోపము సరిదిద్ది, మూడు వారములు తిరుగగానే, ఏప్రిల్ 18న ఎగురవేసినారు. ఉపగ్రహము అనుకొన్న కక్ష్యను పూర్తిగా అందుకొనలేదు గాని రాకెట్టు ఎగురగలదని తేలినది. 2003లోను, 2004లోను ప్రయోగములు ఫలించినవి.

సొంత యంత్రము మాత్రము నెమ్మదిగా నడచినది. 2007 నవంబరు 15న మహేంద్రగిరిలో అది 720 సెకండ్లపాటు, అనగా ఆకాశమున మండవలసినంత కాలము, నేలపై మండి చూపినది. 2010 ఏప్రిల్ 15న శ్రీహరికోట నుండి తొలిసారి పైకెగిరినది. యంత్రము అంటుకొన్నది; కాని ఉదజనిని అందించు పంపు వెంటనే నిలిచిపోయినది. పదునారేండ్ల శ్రమ బంగాళాఖాతమున కలిసినది. అదే సంవత్సరము డిసెంబరు 25న రష్యా యంత్రముతో ఎగిరిన రాకెట్టు, తీగెల కలయికలు అకాలమున ఊడిపోవుటచే, అదే దారి పట్టినది.

ఇచ్చట మనవారు తొందరపడలేదు. తీవ్రమైన చలిలో ఆ పంపు లోపలి భాగములు ఎట్లు ముడుచుకొనునో మరల లెక్కించి దాని నిర్మాణమును మార్చినారు. పైన గాలిలేనిచోట యంత్రము అంటుకొను తీరును నేలపైననే కల్పించి పరీక్షించినారు. మూడేండ్లు గడచినవి. 2013 ఆగస్టు 19న రాకెట్టు మరల వేదికపై నిలిచినది. ఇంకను 74 నిమిషములున్నదనగా రెండవ భాగమున ఇంధనము కారుచున్నట్లు కనబడినది. విచిత్రమేమన, అది క్రొత్త యంత్రము కాదు. ఎన్నోమార్లు ఎగిరిన పాత భాగము! లెక్కింపు ఆపి రాకెట్టును వెనుకకు మరల్చినారు. బీటలకు లోనుకాని వేరొక అల్యూమినియము మిశ్రలోహముతో ఆ భాగమును క్రొత్తగా నిర్మించినారు. 2014 జనవరి 5న, సాయంకాలము 4 గంటల 18 నిమిషములకు ఎగిరిన రాకెట్టు 1,982 కిలోల ఉపగ్రహమును నిర్ణీత కక్ష్యలో నిలిపినది. అనుమతి లభించి అప్పటికి ఇంచుమించు ఇరువది ఏండ్లు!

దీనితో కష్టములు తీరిపోయినవని చెప్పజాలము. 2021 ఆగస్టు 12న మరియొక రాకెట్టులో ఈ యంత్రము అంటుకొననేలేదు. ఉదజని తొట్టిలో ఒత్తిడి తగ్గుటకు ఒక కవాటము కారుటయే కారణమని పరిశీలనలో తేలినది. మరల సరిదిద్దినారు. 2025 జూలై 30న ఇదే జాతి రాకెట్టు నైసార్ అను ఉపగ్రహమును శ్రీహరికోట నుండి పైకి చేర్చినది. భూమి మార్పులను గమనించు ఆ ఉపగ్రహము భారత అమెరికాల ఉమ్మడి నిర్మాణము. 1992లో ఈ విద్య మనకు చేరరాదని అడ్డుపడిన దేశమే, తన విలువైన రాడారు పరికరమును మన సొంత యంత్రమునకు అప్పగించినది.

ఆలస్యమును తప్పించుకొనుట అన్ని వేళల మన చేతిలో నుండదు. ఆ ఇరువది ఏండ్లను మనవారు ఎట్లు గడపినారన్నదే గమనింపదగిన సంగతి. అరువు యంత్రమున్నదని సొంత పని మానలేదు. సొంత పని సాగుచున్నదని అరువును త్రోసివేయలేదు. ఏండ్లు గడచినవను బెదురుతో పరీక్షలను తగ్గించలేదు. ఇకమీదట శ్రీహరికోటలో లెక్కింపు ఆగినదని రేడియోలో విన్నప్పుడు అది ఓటమియని మనము నిట్టూర్పవలసిన పని లేదు. ఆపవలసినచోట ఆపగలిగినందుననే 2014 నాటి విజయము సాధ్యమైనది.