నర్సమ్మ పని పెరిగింది, మరి చదువు, హక్కు?



"నర్సింగా? సూదులు వేయడమేగా" అనే మాట మన హాస్టళ్ళలోనే వింటుంటాం. ఇంటర్ అయిన చెల్లెళ్ళకి ఏ కోర్సు మంచిదో చెప్పేటప్పుడు కూడా ఇదే మాట అడ్డొస్తుంది. అందుకే ఈ చరిత్ర రాస్తున్నాం. కాస్త ఓపిగ్గా చదవండి.

ఊరి దగ్గరే వైద్యం అందాలని 1946లో భోర్ కమిటీ చెప్పింది. 1952 నుంచి పీహెచ్‌సీలు మొదలయ్యాయి. ఆ రోజుల్లోనే ఏఎన్ఎం చదువూ వచ్చింది. అది 2 ఏళ్ళ కోర్సు. కాన్పులు చేయడం, తల్లీబిడ్డల్ని చూసుకోవడం ఆమె ముఖ్యమైన పని.

1973లో కర్తార్ సింగ్ కమిటీ, ఒక్కో జబ్బుకి ఒక్కో ఉద్యోగి వద్దు, అన్నీ చూసే మల్టీపర్పస్ వర్కర్లు కావాలంది. దాంతో ఏఎన్ఎం నెత్తిన కుటుంబ నియంత్రణ, టీకాలు, జ్వరాల సర్వే, రిజిస్టర్లు అన్నీ పడ్డాయి. 1977లో చదువుని మాత్రం 18 నెలలకి తగ్గించారు! పని పెరిగింది, చదువు తగ్గింది. ఇది మనం మర్చిపోకూడదు.

లెక్క ప్రకారం మైదానంలో 5000 మందికి ఒక సబ్‌సెంటర్, కొండ, గిరిజన ప్రాంతాల్లో 3000 మందికి ఒకటి. వినడానికి బాగానే ఉంది. కానీ అక్కడ 5000 మంది ఒకటి రెండు ఊళ్ళలో ఉంటారు. మన 3000 మంది వాగులు దాటి, గుట్టలెక్కి వెళ్ళాల్సిన ఎన్నో గూడేల్లో ఉంటారు. నడవాల్సింది ఆ నర్సమ్మే.

2018 ఏప్రిల్ 14న బస్తర్‌లోని బీజాపూర్ జిల్లా జాంగ్లాలో, అంటే ఆదివాసీల నేల మీదే, దేశంలో మొదటి హెల్త్ అండ్ వెల్‌నెస్ సెంటర్ తెరిచారు. ఇలాంటి సబ్‌సెంటర్లలో 6 నెలల అదనపు శిక్షణ పొందిన నర్సులు బాధ్యులయ్యారు. ఆంధ్రాలో వీళ్ళనే ఎంఎల్‌హెచ్‌పీ అంటున్నారు. బీపీ, షుగర్, క్యాన్సర్ లక్షణాలు చూస్తారు. డాక్టర్ రాసిన మందులు నెలనెలా ఇస్తారు. అవసరమైతే వీడియోలో డాక్టర్‌తో మాట్లాడిస్తారు.

2019లో నేషనల్ మెడికల్ కమిషన్ చట్టం 32వ సెక్షన్, కమ్యూనిటీ హెల్త్ ప్రొవైడర్లు ప్రాథమిక వైద్యంలో కొన్ని మందులు రాయడానికి పరిమిత లైసెన్స్ ఇవ్వొచ్చంది. డాక్టర్ల సంఘం ఐఎంఏ సమ్మెకి దిగింది. ఊళ్ళకి అరకొర వైద్యం ఇస్తారా అన్నది వాళ్ళ ప్రశ్న. ఆ ప్రశ్న మనదీ. కానీ డాక్టరే రాని చోట నర్సునీ ఆపితే మనకి మిగిలేది డోలీనే. కాబట్టి మనం అడగాల్సింది నర్సుని ఆపమని కాదు. ఆమెకి పూర్తి శిక్షణ, పర్మినెంట్ ఉద్యోగం, వెనక ఒక డాక్టర్ ఉండాలని.

ఇంకో మాట. కోయ, సవర, గోండి వచ్చిన నర్సుకి మన అవ్వ తన నొప్పిని తన మాటల్లోనే చెప్పుకుంటుంది. ఆ నర్సు మన గూడెం నుంచే రావాలి. నర్సింగ్ చదువుతున్న అక్కలూ అన్నలూ, మీ అనుభవం ఇక్కడ రాయండి. చెల్లెళ్ళకి దారి తెలుస్తుంది.

జై ఆదివాసీ.