కుప్పము ఓటరు లెక్క

సదుమునకు నైరుతి దిక్కున, కర్ణాటక, తమిళనాడు సరిహద్దులు కలియు చోట కుప్పము నియోజకవర్గము కలదు. శ్రీ నారా చంద్రబాబు నాయుడుగారు స్వస్థలమగు చంద్రగిరిలో 1978లో గెలిచి, 1983లో ఓడిరి. 1989లో కుప్పమునకు వచ్చిరి. నాటి నుండి 2024 వరకు వరుసగా ఎనిమిది పర్యాయములు కుప్పము ప్రజలు వారినే శాసనసభకు పంపిరి.

అంతమాత్రమున ఓటరు కన్నులు మూసికొని ఓటు వేయుచున్నాడని మేము తలపము. 2014లో 47,121 ఓట్ల ఆధిక్యము 2019లో 30,722కు తగ్గినది. 2021లో జరిగిన తొలి పురపాలక ఎన్నికలలో 25 వార్డులకుగాను 19 ప్రత్యర్థి పక్షమునకు దక్కినవి. 2024లో ఆధిక్యము మరల 48,006కు పెరిగినది.

ఏండ్ల తరబడి సాగుచేయు కౌలుదారుడైనను గడువు తీరగనే భూస్వామి యెదుట నిలువవలసినదే. ఇచ్చట భూస్వామి ఓటరే.