ప్రకటనలను చదువ నేర్చుట

పత్రికలోని వార్తను నలుగురు కూడి చర్చింతురు. దాని ప్రక్కనున్న వ్యాపార ప్రకటనను మాత్రము చూచి విడిచిపెట్టుదురు. కాని ఆ బొమ్మయు పిల్లలకొక పాఠము చెప్పుచునే యున్నది. వంట స్త్రీకి, సంపాదన పురుషునికి అని అది మాటిమాటికి నూరిపోయుచున్నది.

ఈ పాఠమును పరీక్షించు నుపాయమొకటి 1979లో అమెరికాలో పుస్తకరూపమున వెలువడెను. ఎర్వింగ్ గాఫ్మన్ అను సమాజశాస్త్రజ్ఞుడు వందలకొలది ప్రకటన చిత్రములను ప్రక్కప్రక్కన పేర్చి పరిశీలించెను. పురుషుడు చెప్పువాడుగను, స్త్రీ ఒదిగి వినునదిగను వానియందు తరచుగా గానవచ్చిరి. స్త్రీ యున్నచోట పురుషుని, పురుషుడున్నచోట స్త్రీని ఊహించి చూడుడని ఆయన సూచించెను. అట్లు మార్చగా బొమ్మ నవ్వు పుట్టించినచో, అందు దాగిన కట్టుబాటు బయటపడును.

ఇందుకు మన దేశముననే నిదర్శనము కలదు. 1975లో ఫెయిర్ అండ్ లవ్లీ అను ముఖమునకు పూసికొను క్రీము అంగళ్లకు వచ్చెను. 2000 దాటిన తరువాత దాని ప్రకటన యొకటి టెలివిజనులో వచ్చుచుండెను. సంపాదించు కొడుకు లేడని తండ్రి వగచును. చామనచాయ కుమార్తె ఆ మాట విని, క్రీము పూసికొని తెల్లబడి, విమానములో ఉద్యోగము పొందును. అఖిల భారత ప్రజాస్వామ్య మహిళా సంఘము ఇట్టి ప్రకటనలపై ఫిర్యాదు చేసెను. 2003లో ఆ ప్రకటన నిలిచిపోయెను. 2020లో ఆ క్రీము పేరే మారెను.

ఆ కుమార్తె స్థానమున కుమారుని నిలిపి చూడుడు. అతనిని చదువేమని యడుగుదురు గాని, మేనిచాయ యేమని యడుగుదురా? ఏడవ తరగతి పిల్లవాడు సైతము ఈ ప్రశ్న వేయగలడు. 2007లో జాతీయ విద్యా పరిశోధన శిక్షణ మండలి ఆ తరగతికి వెలువరించిన సాంఘిక పాఠ్యపుస్తకమున ప్రకటనలనుగూర్చి యొక పాఠముండెను; ఆడుపిల్లల, మగపిల్లల పెంపకమునందలి భేదములనుగూర్చి మరియొక పాఠముండెను. స్త్రీపురుషులను హానికరమైన మూసలలో చూపరాదని 2022లో భారత ప్రకటనల ప్రమాణ మండలియు నియమములు చేసెను.

అయినను నియమములు చేయగలిగినది కొంతయే. ఆ తండ్రి విచారమును వర్తకుడు సృష్టింపలేదు. మన యిండ్లనుండి తీసికొని దానిని మనకే అమ్మెను. కావున బడినుండి వచ్చిన మనుమరాలు, “తాతా, ఈ బొమ్మలో వడ్డించునది ఎప్పుడును అమ్మయే యేల?” అని యడిగినచో, ఆమెను గద్దింపక ప్రక్కన గూర్చుండబెట్టుకొని, ఆ బొమ్మతోపాటు మన యింటి వాడుకను గూడ పరిశీలించుట మన విధి.