మెలట్టూరు భాగవతమేళము: పాత్రధారుల యెన్నిక

ఆంధ్ర నాటక చరిత్రను వ్రాసినవారు కవులను, కృతులను, సమాజములను గూర్చి విపులముగా పరిశోధించిరి. కాని వేషమును ఎవరికి ఈయవలెను, ఏ యోగ్యతను చూచి ఈయవలెను అను ప్రశ్నకు వారి గ్రంథములలో లభించిన స్థానము స్వల్పము. పద్యనాటకములు విరివిగా ప్రదర్శింపబడిన కాలమున ఔత్సాహిక సమాజములకు ఈ విషయమున సందేహము లేకుండెను. వేషము కోరి వచ్చిన యువకునిచేత ఒక పద్యము పాడింతురు. శ్రుతి నిలిచినదా, కంఠము వెనుక వరుసవారికి వినవచ్చునా, రూపము పాత్రకు తగునా అని చూతురు. తగినవానికి వేషము, తగనివానికి తెరవెనుక పని. ఈ పద్ధతిలో పరీక్ష ముందు, ఎన్నిక తరువాత. దీనికి విపరీతమైన క్రమము నవలంబించి, నడుమ విచ్ఛిత్తులు కలిగినను, తరతరములుగా వేసవియందు తెలుగు సంగీత నాటకములను ప్రదర్శించుచు వచ్చిన గ్రామమొకటి కలదు. అది తంజావూరు జిల్లాలోని మెలట్టూరు. అచ్చట ఎన్నిక ముందు, పరీక్ష తరువాత. ఈ క్రమమే ఆ నాటకములను నిలిపినదని చూపుటయు, నేడు దానికి కలిగిన చిక్కును విచారించుటయు మా యుద్దేశము.

1565లో విజయనగర సామ్రాజ్యము దెబ్బతిన్న పిదప తెలుగు విద్వాంసులకు తంజావూరు నాయకరాజుల కొలువు ముఖ్యమైన ఆశ్రయమయ్యెను. వారిలో అచ్యుతప్ప నాయకుడు బ్రాహ్మణ కుటుంబములకు ఇండ్లను, భూములను ఒసగి అగ్రహారము నేర్పరచెననియు, ఆ కుటుంబములు 510 అనియు, అందుచేతనే మెలట్టూరునకు అచ్యుతాబ్ధి యను పేరు కలిగెననియు ఐతిహ్యము. ఆ గ్రామమున 18వ శతాబ్ది ఉత్తరార్ధమునను, 19వ శతాబ్ది ప్రారంభమునను జీవించిన వేంకటరామశాస్త్రి, త్యాగరాజస్వామికి పెద్దవాడైన సమకాలికుడు. ప్రహ్లాద చరిత్రము, ఉషాపరిణయము, మార్కండేయ చరిత్రము, హరిశ్చంద్ర నాటకము, రుక్మాంగద నాటకము మున్నగువానిని ఆయన తెలుగున రచించెను. వైశాఖ శుద్ధ చతుర్దశి, అనగా నరసింహ జయంతి, సాధారణముగా మే నెలలో వచ్చును. ఆ సందర్భమున వరదరాజస్వామి యాలయము నెదుట ప్రహ్లాద చరిత్రమును రాత్రియంతయు ఆడుదురు. శాలియమంగళము, శూలమంగళము, ఊత్తుక్కాడు మొదలగు సమీప గ్రామములును ఈ సంప్రదాయమునకు స్థానములే.

ఇక పాత్రధారుల మాట. ఈ నాటకము వారికి జీవనోపాధి కాదు. నరసింహస్వామికి అర్పించు సేవ. 1885లో కడప మండలమున సురభి గ్రామమునందు ఆరంభమైన నాటక సమాజముననూ కుటుంబమే నటవర్గము. కాని వారికి నాటకము వృత్తి, అన్నము పెట్టు విద్య. మెలట్టూరున అట్లు కాదు. ఆయా కుటుంబముల పురుషులే వేషములు ధరింతురు. తండ్రి వేసిన వేషము కుమారునకు సంక్రమించుట కలదు. కూచిపూడిలోను ఇట్టి కట్టుబాటే ఐతిహ్యమున వినబడుచున్నది. సిద్ధేంద్రయోగి యాజ్ఞచే ఆ గ్రామ భాగవతుల యింట పుట్టిన ప్రతి పురుషుడును జీవితమున ఒక్కమారైనను సత్యభామ వేషము ధరింపవలెనట. ఈ కట్టుబాటులోని భావమును గమనింపవలెను. ‘నీకు వేషము వచ్చునా?’ అని అడుగుట లేదు. ‘వేషము నీకు విధి, కనుక నేర్చుకొనుము’ అని చెప్పుచున్నది. అనగా వేషము బహుమానము కాదు, ఋణము.

అట్లయిన యోగ్యతకు తావు లేదా? ఉన్నది, అది ఒక్క దినమున ముగియునది కాదు. ప్రదర్శనారంభమున కోణంగి వచ్చి పోయిన తరువాత గణపతి ముఖము ధరించి చిన్న బాలుడు రంగమున ప్రవేశించును. అతడు పలుకవలసినది లేదు. లయ తప్పక అడుగు వేసిన చాలును. కొంత యెదిగిన బాలునకు ప్రహ్లాద వేషము. ఇచట కంఠము కావలెను. కంఠము మారిన పిదప శుక్రాచార్యుని శిష్యులలో నొకడు కావచ్చును. లేదా రూపమును అభినయమును అనుకూలించినచో ప్రహ్లాదుని తల్లియైన లీలావతి పాత్రమునకు సాధన చేయవచ్చును. నటుడు తానే పాడుచు, తానే ఆడుచు, తానే వచనమును పలుకుచు తెల్లవాఱువరకు నిలువవలెను. హిరణ్యకశిపునకు బలమును, ధారణయు కావలెను. నరసింహ ముఖము ఆలయమున పూజ లందుకొనునది. దానిని ధరించువాడు ఉపవాస నియమము పాటించును. ఈ విధముగా గ్రామము తన యువకుని మొదట స్వీకరించి, పిమ్మట సంవత్సరముల తరబడి పరీక్షించి, అతనికి తగిన వేషమునకు చేర్చుచున్నది.

ఈ పరీక్షలలో తెలుగు పరిశోధకుని దృష్టి నాకర్షించునది భాషాపరీక్ష. నేటి పాత్రధారులలో పలువురకు ఇంటి మాట తమిళము. నాటకమును తమిళ లిపిలో వ్రాసికొని నేర్చువారికి క, ఖ, గ, ఘ లకు ఒక్కటే యక్షరము. సంగీత గ్రంథములలో అక్షరము ప్రక్కన 2, 3, 4 అంకెలను వేసి ఈ భేదమును సూచించు పద్ధతి యున్నది గాని, అంకె చూచి పలికిన పలుకు వేరు, అర్థమెఱిగి పలికిన పలుకు వేరు. దరువు రాగముచేత నిలుచును. వచనమునకు అట్టి యూత లేదు. కనుక లీలావతి తన కుమారుని గూర్చి దుఃఖించునపుడు ఆ దుఃఖము భాష తెలిసినవానికే పూర్తిగా వశమగును. అయినను ఆ యువకులు ఈ శ్రమకు ఓర్చుచున్నారు. తెలుగు దేశమున పుట్టి పెరిగిన మనకు ఇది గర్వకారణమగుటకంటె ముందు ఆలోచింపదగిన విషయము.

నేటి చిక్కు వేఱు. అగ్రహారములు పలుచబడినవి. యువకులు చదువులకు, ఉద్యోగములకు చెన్నైకిని, ఇతర నగరములకును వెడలిరి. వేసవిలో సెలవు పెట్టి గ్రామమునకు వచ్చి, కొలది దినముల అభ్యాసముతో రంగమెక్కవలసినవారు గలరు. పూర్వము సంవత్సరముల తరబడి సాగిన పరీక్ష కొలది దినములకు కుంచించుకొని పోయినచో, జన్మచేత లభించిన ఎన్నిక మాత్రమే మిగులును. పరీక్ష లేని ఎన్నిక కళకు హాని.

కూచిపూడి ఈ చిక్కునకు ఒక మార్గము చూపినది. వేదాంతం లక్ష్మీనారాయణశాస్త్రి గ్రామము వెలుపలివారికి విద్య నేర్పెను. వెంపటి చినసత్యం 1963లో మద్రాసున కూచిపూడి ఆర్ట్ అకాడమీని స్థాపించి, బాలికలకు, ఇతర కులములవారికి, ఇతర ప్రాంతములవారికి విద్యను అందించెను. విద్య విశ్వవ్యాప్తమైనది. కాని రాత్రియంతయు నడచు కలాపము వెనుకబడి, ఏకపాత్ర నృత్యము ముందునకు వచ్చెను. తలుపులు తెఱచినపుడు విద్య బయటికి వచ్చును. గ్రామమంతయు కూడి తీర్చుకొను ఋణము అట్లే బయటికి వచ్చునని చెప్పజాలము.

కావున జన్మనియమమును సడలించుట తప్పు కాదనియు, విధి యను భావమును సడలించుటయే తప్పనియు మా యభిప్రాయము. ఏ యింట పుట్టినవారైనను, పురుషులైనను స్త్రీలైనను, గణపతి వేషము మొదలుకొని క్రమముగా సాధన చేయుటకును, ప్రతి వేసవియందును తిరిగి వచ్చుటకును కట్టుబడినచో వారు ఆ గ్రామమునకు చెందినవారే. సంప్రదాయమును మార్చుకొనవలెనో వలదో నిర్ణయించు నధికారము మెలట్టూరు వారిది. తెలుగు శాఖలకు మాత్రము ఒక కర్తవ్యమున్నది. వేంకటరామశాస్త్రి నాటకములకు పాఠశుద్ధి చేసి, ప్రతిపదార్థముతో, తమిళ లిపిలోను ఉచ్చారణ చెడకుండ అచ్చువేసి, అభ్యాస సమయమునకు ఆ యువకుల చేతికి అందించవలెను. వారు మన భాషలో రాత్రియంతయు పాడుచున్నారు. ఆ పాట అర్థమును వారికి చెప్పుట మన వంతు ఋణము.