కిడ్స్ హెల్త్: పిల్లల మెడ వెనక నల్లబడిందా? మురికి అనుకోకండి.. రోజూ గంట ఆట ఎందుకు ముఖ్యమంటే..

పిల్లలు బొద్దుగా ఉంటే ముద్దొస్తున్నారని ఇంట్లోవాళ్లు మురిసిపోతుంటారు. మెడ వెనక నల్లబడితే మురికి అనుకుని సున్నిపిండితో రుద్దేస్తారు. కానీ ఊబకాయం ఉన్న పిల్లల్లో మెడ, చంకల దగ్గర చర్మం నల్లగా, మందంగా మారితే.. ఇన్సులిన్ సరిగా పనిచేయడం లేదనడానికి అది గుర్తు కావచ్చు.

ఒంట్లో ఏం జరుగుతుంది?

తిన్న అన్నం, తాగిన కూల్‌డ్రింక్ గ్లూకోజ్‌గా మారి రక్తంలో చేరతాయి. ఆ గ్లూకోజ్ కండరాల్లోకి వెళ్లాలంటే ఇన్సులిన్ కావాలి. పొట్ట చుట్టూ, లివర్‌లో కొవ్వు పేరుకుంటే ఇన్సులిన్ ప్రభావం తగ్గుతుంది. క్లోమం ఇంకా ఎక్కువ ఇన్సులిన్ తయారుచేస్తూ, చివరికి అలసిపోతుంది. అప్పుడు షుగర్ పెరుగుతుంది. యుక్తవయసులో హార్మోన్ల వల్ల ఈ ముప్పు మరింత ఎక్కువ. పిల్లల్లో వచ్చే టైప్-2 డయాబెటిస్ పెద్దల్లో కంటే వేగంగా ముదురుతుంది.

ఆటతో లాభమేంటి?

పరుగెత్తేటప్పుడు కండరాలు ఇన్సులిన్ సాయం లేకుండానే రక్తంలోని గ్లూకోజ్‌ను లాక్కుంటాయి. ఆట ఆగాక కూడా ఒకటి రెండు రోజులు ఇన్సులిన్ మెరుగ్గా పనిచేస్తుంది. అందుకే ఆదివారం ఒక్కరోజే మూడు గంటలు ఆడించి, మిగతా వారమంతా కూర్చోబెడితే చాలదు. ఇంకో మంచి విషయం.. బరువు పెద్దగా తగ్గకపోయినా ఈ లాభం ఉంటుంది. కాబట్టి వేయింగ్ మిషన్ చూసి నిరాశ పడొద్దు.

ఎంతసేపు ఆడాలి?

- 5 నుంచి 17 ఏళ్ల పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాల శారీరక శ్రమ ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.
- వారంలో కనీసం 3 రోజులు ఆయాసం వచ్చేంత ఆట, కండరాలు, ఎముకలకు బలాన్నిచ్చే కసరత్తు ఉండాలి.
- కబడ్డీ, ఖోఖో, తొక్కుడుబిళ్ల, స్కిప్పింగ్, సైకిల్.. ఏదైనా పర్లేదు. గంట ఒకేసారి కుదరకపోతే విడతలుగా ఆడినా చాలు.
- మోకాళ్ల నొప్పులుంటే ఈత, సైకిల్‌తో మొదలుపెట్టడం మేలు.

టెస్టులు ఎప్పుడు?

అధిక బరువుతో పాటు ఇంట్లో ఎవరికైనా షుగర్ ఉన్నా, మెడ నల్లబడినా 10 ఏళ్ల నుంచి పరీక్ష చేయించాలి. పరగడుపున షుగర్ 100 నుంచి 125 ఉంటే ప్రీడయాబెటిస్. 126, ఆపైన ఉంటే డయాబెటిస్ అనుమానించి, డాక్టర్ మరోసారి పరీక్ష చేస్తారు.

ఒక్క మాట.. 'లావు' అంటూ వెక్కిరిస్తే పిల్లలు ఆటకే దూరమవుతారు. అమ్మానాన్నలు కూడా బ్యాట్ పట్టుకుని దిగితే వాళ్లే పరుగెత్తుకొస్తారు.

గమనిక: ఇది అవగాహన కోసం మాత్రమే. ఇప్పటికే ఇన్సులిన్ వాడే పిల్లలకు ఆటలో షుగర్ పడిపోవచ్చు కాబట్టి ముందుగా డాక్టర్ సలహా తీసుకోవాలి.