చెల్క దాటితే రేగడి

శనివారం, తెల్లవారుజామున అయిదు. మైత్రీవనం ముందు మెట్రో స్తంభాల కింద ఆరు బండ్లు వరుసగా నిలిచి ఉన్నాయి. పైనున్న వంతెన అంచు నుంచి వాననీళ్లు తాడులా కారుతున్నాయి. కాసేపైతే ఇక్కడ కోర్సుల కరపత్రాలు పంచేవాళ్ల సందడి మొదలవుతుంది. ఇప్పుడు మాత్రం షట్టర్లన్నీ దించి ఉన్నాయి, ఇడ్లీ బండి మీద స్టవ్ చప్పుడు ఒక్కటే వినిపిస్తోంది.

ఒకప్పుడు ఈ వెనక సందులోని హాస్టల్లో ఆరుగురం ఒకే గదిలో ఉండేవాళ్లం. అప్పట్లాగే ఇప్పటికీ ఒకరినొకరం ఊరి పేర్లతోనే పిలుచుకుంటాం: కడప, రాజాం, మంథని, నల్లగొండ... ఉద్యోగాలు గచ్చిబౌలి వైపు వెళ్లిపోయినా, ఏటా పుష్యమి కార్తెలో కలుసుకునేది మాత్రం ఇక్కడే. ఈసారి వికారాబాద్ దగ్గర రెండు రోజుల ఆఫ్‌రోడ్ శిబిరానికి పోతున్నాం.

పంజాగుట్ట, మెహిదీపట్నం, లంగర్‌హౌస్ దాటాం. అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ దాకా బీజాపూర్ రోడ్డు 46 కిలోమీటర్లు. ఈ దారి పొడవునా ఉన్న దాదాపు 900 మర్రిచెట్లను రోడ్డు విస్తరణ నుంచి కాపాడుకోవడానికి ప్రకృతి ప్రేమికులు ఏళ్ల తరబడి పోరాడారు. వాటి కిందికి రాగానే వాన చప్పుడు మారుతుంది. హెల్మెట్ మీద సన్నని టపటపలు ఆగిపోయి, ఆకుల మీద నుంచి జారిన పెద్ద చుక్కలు ఒక్కొక్కటే వచ్చి మోగుతాయి. చేవెళ్ల దాటేసరికి చేతి తొడుగులు పిండితే నీళ్లు కారుతున్నాయి.

శిబిరం ఒక రైతు చెల్కలో. ఇరవై మందిమి ఉంటాం. అనంతగిరి అడవి రిజర్వు ఫారెస్టు, దాని జోలికి పోకూడదు. అనుమతి ఇచ్చిన రైతుల పొలాల్లో, బండ్ల బాటల మీద మాత్రమే నడపాలి. మొదటి పని టైర్లలో గాలి తగ్గించడం. గాలి తగ్గితే టైరు నేల మీద వెడల్పుగా పరుచుకుంటుంది, పట్టు పెరుగుతుంది. తర్వాత ఫుట్‌పెగ్‌ల మీద నిలబడటం, మోకాళ్లతో ట్యాంకును నొక్కిపట్టడం, చూపు చక్రం మీద కాకుండా ఇరవై అడుగుల ముందు ఉంచడం. రెండో గేరు, నిలకడగా. బురదలో ముందు బ్రేకు ముట్టుకోవద్దు.

ఎర్రచెల్క మీద ఇదంతా సులువుగానే వచ్చింది. మొరం కలిసిన నేల కదా, నీళ్లు ఇంకిపోతాయి, టైరు పళ్లకు పట్టు దొరుకుతుంది. గుట్ట ఎక్కి దిగేసరికి భయం పోయింది. మధ్యాహ్నం బండ్ల బాట పట్టాం. ముందు రాజాం, చివర కడప. చివరి బండివాడు వెనక ఎవరూ మిగిలిపోకుండా చూసుకోవాలి. ఒక మలుపు దగ్గర నేల రంగు మారింది. ఎరుపు ఆగిపోయి నలుపు మొదలైంది. ఆ మార్పు నాకు కనిపించింది, కానీ దాని అర్థం తెలియలేదు.

పది గజాలు పోయానో లేదో, హ్యాండిల్ బరువెక్కింది. తిరిగిన ప్రతి చుట్టుకూ చక్రానికి మరో పొర రేగడి అంటుతోంది. నా బండి మడ్‌గార్డు చక్రానికి ఆనుకున్నట్టే ఉంటుంది. మధ్యనున్న రెండు వేళ్ల సందు పూడిపోయింది. ముందు చక్రం తిరగడం మానేసి, ఈడ్చుకుపోతూ పక్కకు జారింది. ఎడమ భుజం మీద పడ్డాను. మెత్తగానే పడ్డాను గానీ, కాలు బండి కింద ఇరుక్కుంది.

"కదలొద్దు రా, ముందు ఇంజన్ ఆపు. వచ్చాండా!" కడప గొంతు.

కిల్ స్విచ్ నొక్కాను. మంథని, నల్లగొండ కూడా వచ్చారు. ముగ్గురూ పట్టి లేపబోతే ముగ్గురి బూట్లూ జారాయి. నాలుగోసారికి బండి లేచింది, చక్రం మాత్రం తిరగలేదు. రాజాం నడిపే ఎక్స్‌పల్స్ బండి అప్పటికే అవతలి గట్టున ఉంది. దాని ముందు మడ్‌గార్డు అంత ఎత్తున ఎందుకు పెట్టారో ఆ క్షణంలో అర్థమైంది. 21 అంగుళాల ముందు చక్రానికి మట్టి ఎంత అంటినా విదిలించుకునే చోటుంది.

గొంగడి కప్పుకున్న పెద్దాయన ఒకరు పొలం గట్టు మీదుగా వచ్చారు. చేతికర్ర చివర చిన్న ఇనుప రేకు ఉంది, నాగలికి అంటిన మట్టి గీకడానికి. ఏమీ అడక్కుండా వంగి, దాంతోనే నా చక్రం గీకడం మొదలుపెట్టారు.

"రేగట్ల గింత వాన పడ్డంక ఎడ్లనే దింపం బిడ్డా. పదును రావాలె."

"పదును వచ్చిందని ఎట్లా తెలుస్తుంది తాతా?"

పిడికెడు మట్టి తీసి, పిసికి, వేళ్లు తెరిచారు. ముద్ద అరచేతికి అంటుకునే ఉంది. "గిట్ల అంటుకుంటె ఆగాలె. ఒత్తి ఇడిస్తె ఉండ పగలాలె, అప్పుడు దిగాలె. అంచున గరక ఉన్నకాడికెల్లి పోండ్రి, దాని ఏర్లు మట్టిని పడ్తయ్. పత్తి సాళ్లు మాత్రం తొక్కకుండ్రి."

ఎండలో నెర్రెలిచ్చే నేల, వానకు నీళ్లు తాగి ఉబ్బి జిగురవుతుంది. అందులో దిగడానికి తగినంత తడి మాత్రమే మిగిలిన స్థితికి మన రైతులు ఒక్క మాట పెట్టుకున్నారు: పదును. ఆ మాట నేను చిన్నప్పటి నుంచి వింటూనే ఉన్నాను. అది వేళ్లకు తెలియాల్సిన మాటని ఈ వానలో తెలిసింది.

రాత్రి రేకుల షెడ్డు కింద జొన్నరొట్టె, పుంటికూర. పైన వాన హోరు. తడి బట్టలన్నీ ఒకే తాడు మీద వేలాడుతున్నాయి. కడప నా మోకాలికి మందు రాస్తున్నాడు. హాస్టల్లో నాకు జ్వరం వచ్చినప్పుడు రాత్రంతా మేల్కొన్నది కూడా వీడే.

ఆదివారం మళ్లీ అదే బాట. నలుపు మొదలైన చోట బండి ఆపి దిగాను. మట్టి పిసికి చూశాను. అంటుకుంది. గరక అంచు పట్టుకుని, నడక వేగంతో, నిలబడి, చూపు ముందుకే నిలిపి పోయాను. అవతలి గట్టు మీద అయిదుగురూ కేకలు వేశారు.

తిరుగు దారిలో అనంతగిరి దగ్గర ఆగాం. మూసీ పుట్టింది ఈ కొండల్లోనే. 1908లో హైదరాబాద్‌ను ముంచేసిన నది ఇది. దాన్ని అదుపులో పెట్టడానికే ఆ తర్వాత గండిపేట జలాశయం కట్టారు. మమ్మల్ని తడిపిన ఈ నీళ్లు కూడా వాగులు కలుపుకుంటూ అటే పోతాయి.

చేవెళ్ల దగ్గర వాన వెలిసింది. మైత్రీవనం చేరేసరికి దీపాలు వెలిగాయి. బండి స్టాండు వేసి, మడ్‌గార్డు లోపల మిగిలిన రేగడి ముద్ద ఒకటి ఊడదీశాను. దారంతా గాలికి ఆరింది. పిడికిట పట్టి ఒత్తి, వేళ్లు తెరిచాను. ఉండ పగిలింది.

"పదును వచ్చింది రా," అన్నాను. కడప చెయ్యి చాపాడు. సగం వాడి అరచేతిలో పోశాను.